ఒకటిన్నర హెచ్‌పీ, మూడు ట్రాక్టర్ల మొరం

ఇంట్లో తయారుచేసుకున్న ఎలక్ట్రిక్ బైకు అనగానే ఎవరైనా ముందు అడిగేది మోటారు ఎన్ని వాట్లు, స్పీడు ఎంత, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు అనే. రోడ్డు మీద తిరగడానికైతే ఈ ప్రశ్నలు సరైనవే. గుట్టలూ గట్లూ ఎక్కి గాల్లోకి లేచే బండికి మాత్రం ఇవి తర్వాత అడగాల్సినవి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడిపోయిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇలాంటి బండి కట్టడం సాధ్యమేనా, కట్టడం సబబేనా అన్నది ఇక్కడ చర్చ. సాధ్యమే, సబబే. అయితే డబ్బూ తెలివీ ఖర్చుపెట్టే వరస తలకిందులు కావాలి. బండిని పైకి లేపే భాగం ఈ ప్రాంతంలో ఇప్పటికే చవగ్గా దొరుకుతుంది. కిందికి దింపే భాగం గురించే ఎవరూ ఆలోచించడం లేదు.

చేతిపని సంగతి ముందు చూద్దాం. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అమల్లోకి వచ్చింది. పాలమూరు పొలాల్లో అంతకు చాలా ముందు నుంచే చాలాచోట్ల బోర్లే దిక్కు. బోరుంటే మోటారు, మోటారుంటే ఏదో ఒక వేసవిలో అది కాలడం, కాలితే వైండింగ్ షాపు. మండల కేంద్రాల్లో స్టేటరు విప్పి, కాలిన రాగి తీగ పీకేసి, స్లాట్లలో ఇన్సులేషన్ పేపరు పెట్టి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టే మనుషులు దొరుకుతారు. ఎలక్ట్రిక్ బైకులో వాడే బ్రష్‌లెస్ మోటారు వీళ్లకు కొత్త జాతేమీ కాదు. అందులోనూ మూడు ఫేజులే, రాగి తీగే. అదనంగా ఉండేవి అయస్కాంతాలు, రోటరు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే మూడు హాల్ సెన్సర్లు. ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు చేసే వెల్డింగు షాపులు, లేత్ మిషన్లు టౌనుల్లో ఉండనే ఉన్నాయి. వనపర్తి సంస్థానాధీశుల భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. ఈ-ఆటోల వల్ల 48 వోల్టుల, 1,000 వాట్ల మోటారూ దాని కంట్రోలరూ స్పేర్ పార్టుల దుకాణంలో అడిగి కొనుక్కునే వస్తువులయ్యాయి. కాబట్టి కరెంటు పని పల్లెటూరివాళ్లకు చేతకాదన్న మాటను పక్కన పెట్టవచ్చు. ఇక్కడి చేతులకు అదే అన్నిటికంటే బాగా వచ్చిన పని.

ఎగరడానికి ఎంత శక్తి కావాలో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. బండి 60 కిలోలు, నడిపే మనిషి హెల్మెట్‌తో సహా 70 కిలోలు, మొత్తం 130 అనుకుందాం. పది మీటర్ల పరుగులో గంటకు 25 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే చక్రం దగ్గర సగటున 1.1 కిలోవాట్లు చాలు. పొలం భాషలో అది ఒకటిన్నర హెచ్‌పీ, ఒక చిన్న బోరు మోటారు. ఆ వేగంతో 25 డిగ్రీల వాలున్న ర్యాంపు మీంచి వదిలితే బండి గాల్లో సుమారు మూడు ముప్పావు మీటర్లు పోతుంది, ర్యాంపు అంచు కంటే అర మీటరుకు కాస్త తక్కువ ఎత్తు లేస్తుంది. వేగం 35కు పెంచి, పరుగు 20 మీటర్లు ఇస్తే దూకుడు ఏడు మీటర్లు దాటుతుంది. దానికీ సగటున ఒకటిన్నర కిలోవాట్లే. 2018లో మార్కెట్లోకి వచ్చి ప్రపంచమంతా కుర్రకారును ఆకట్టుకున్న చైనా బండి సర్‌రాన్ లైట్‌బీ బరువు దాదాపు 50 కిలోలు, మోటారు ఐదారు కిలోవాట్ల దాకా తంతుంది. స్పెయిన్‌లో తయారయ్యే స్టార్క్ వార్గ్ శక్తి ఏకంగా 80 హెచ్‌పీ. అది స్టేడియంలో మోటోక్రాస్ పోటీదారులకు చేసిన యంత్రం. దాని అంకెలు చూసి గట్టు దగ్గర మూడు మీటర్లు ఎగరాలనుకునేవాడు మోటారు ఎంచుకోవడం అనవసరపు ఖర్చు, అనవసరపు ప్రమాదం కూడా.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. కాగితం మీద నేల గట్టిగా, నున్నగా ఉంటుంది, మన నేల అలా ఉండదు కదా అని. న్యాయమైన మాటే. వదులు మట్టి చక్రాన్ని పట్టి లాగుతుంది, ఎదురెక్కుడుకు అదనపు బలం కావాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెలక నేలల్లో ఆ అదనంతో మొత్తం అవసరం లెక్కకు రెట్టింపు అయిందనుకున్నా రెండు, రెండున్నర కిలోవాట్లు కొన్ని సెకండ్ల పాటు అందితే సరిపోతుంది. కిలోవాటు మోటారు కంట్రోలర్ సాయంతో అంతసేపు అంత ఇవ్వగలదు. దాని పేరు మీద ఉండే 1,000 వాట్లు గంటల తరబడి వేడెక్కకుండా నడిచే శక్తికి కొలత. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో నల్లరేగడి సంగతి వేరు. వాన పడ్డాక అది చక్రానికీ ఫోర్కుకూ మధ్య ముద్దలా పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. అప్పుడు 80 హెచ్‌పీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆ రోజు బండి బయటికి తీయకపోవడమే దారి. నిజంగా శక్తి చాలని చోట కూడా మోటారు మార్చే ముందు చైను స్ప్రాకెట్ మార్చి చూడాలి. వెనక పళ్లచక్రం పెద్దదైతే టాప్ స్పీడు తగ్గి లాగుడు పెరుగుతుంది. ఎగరడానికి కావాల్సింది ఆ లాగుడే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ర్యాంపు ఎత్తుతో కలిపి బండి అత్యున్నత స్థానం నుంచి నేలదాకా ఒక మీటరు పడుతుందనుకుందాం. నేలను తాకే క్షణంలో దాని నిలువు వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఆ వేగాన్ని షాకబ్జర్లు కుంగుతూ తినేయాలి. షాకబ్జరు 100 మిల్లీమీటర్లే కుంగితే అంత దూరంలోనే ఆగాలి కాబట్టి బండి మీద పడే సగటు తాకిడి దాని బరువుకు 11 రెట్లు, అంటే 1,400 కిలోలకు పైమాటే. కుంగుడు 200 మిల్లీమీటర్లకు పెంచితే అది ఆరు రెట్లకు, దాదాపు 780 కిలోలకు దిగుతుంది. ఇవి సగటులే. స్ప్రింగు అడుగంటి ఇనుముకు ఇనుము తగిలే క్షణంలో అసలు దెబ్బ ఇంతకంటే చాలా ఎక్కువ. నడిపేవాడు సీటు మీద కూర్చుండిపోకుండా ఫుట్‌రెస్టుల మీద మోకాళ్లు వంచి నిలబడితే కాళ్లు కూడా షాకబ్జర్లలా పనిచేస్తాయి. కూర్చుంటే ఆ దెబ్బ వెన్నుపూసకు పోతుంది. ఇంత లెక్కలో మోటారు వాట్ల ప్రసక్తే లేదు. మోటారు రెండింతలైతే లేచే ఎత్తు పెరుగుతుంది, దిగేటప్పుడు దెబ్బా పెరుగుతుంది. కుంగుడు మాత్రం అలాగే ఉంటుంది.

దెబ్బ తగ్గించడానికి షాకబ్జరు కంటే చవకైన మార్గం నేలలోనే ఉంది. అమెరికాలో మాంట్ హబ్బర్డ్ లాంటి ఇంజనీర్లు మంచు మీద స్కీ జంపులకు సంబంధించి ఒక కొలత వాడుకలోకి తెచ్చారు. దూకినవాడు వాలు నేల మీద దిగినప్పుడు తగిలే దెబ్బ, చదును నేల మీదికి ఎంత ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బతో సమానం అన్నదే ఆ కొలత. దాన్నే మన బండికి పెట్టి చూద్దాం. 25 కిలోమీటర్ల వేగంతో లేచి, మీటరు కిందికి పడేసరికి బండి నేలవైపు 35 డిగ్రీల వాలుతో వస్తుంటుంది. నేల చదునుగా ఉంటే అది మీటరు ఎత్తు నుంచి పడినట్టే. అదే చోట నేల ముందుకు 25 డిగ్రీలు వాలి ఉంటే, నేలకు అడ్డంగా తగిలే వేగం మిగిలేది స్వల్పం. పది సెంటీమీటర్ల ఎత్తు నుంచి, ఓ ఇటుక ఎత్తు నుంచి పడినంత దెబ్బ. మీటరు పది సెంటీమీటర్లయింది. ఏ షాకబ్జరూ, ఏ ఖరీదైన ఫోర్కూ ఇంత తేడా చూపించలేదు. దీనికి కావాల్సింది సొంత చెలకలోంచి తీసిన రెండు మూడు ట్రాక్టర్ల మొరం, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టే ఓపిక. ర్యాంపు అంచుకూ దిగుడు వాలుకూ మధ్య గుంట వదలకుండా మట్టితో నింపితే ఇంకా మేలు. వేగం చాలక ముందే పడ్డవాడు గుంటలో ముక్కు గుద్దుకోకుండా చదును మీద పడతాడు. దెబ్బ తగులుతుంది, మెడ విరిగే ప్రమాదం తగ్గుతుంది.

మొరం పోసి ఎగరడం ఆట కాదు, దానికంటే ఉన్న గుట్టల మీదే ఎగరాలి అనేవాళ్లుంటారు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల కాలువలు తవ్వినప్పుడు ఒడ్డున పోసిన మట్టి కుప్పలు చూసినవాడికి ఆ కోరిక పుట్టడం సహజమే. ఎక్కే వైపు చూస్తే ర్యాంపులాగే ఉంటాయి. దిగే వైపు వాలు ఎంతో ఎవరూ కొలిచి పోయలేదు. మధ్యలో బండరాళ్లు ఉంటాయి, కొన్నిచోట్ల అవతల కాలువే ఉంటుంది. చెరువు కట్టల మాట ఎత్తనే కూడదు. కట్ట మీద చక్రాల గాడి పడితే వానాకాలంలో నీళ్లు దారి చేసుకునేది ఆ గాడిలోంచే. వనపర్తి జిల్లాలో 1959లో ప్రారంభమైన సరళాసాగర్ నీళ్లు నిండగానే వాటంతటవే తెరుచుకునే సైఫన్లకు పేరు. ఆ ప్రాజెక్టు గొప్పతనం నీళ్లు ఆపడంలో కంటే వాటిని ప్రమాదం లేకుండా కిందికి వదలడంలో ఉంది. ఆ సరళాసాగర్‌కే 2019 డిసెంబరు 31న మట్టి కట్ట తెగి గండి పడింది. గాల్లోకి లేచే బండి విషయంలోనూ ఇంజనీరింగ్ అంతా కిందికి వదిలే చోటే ఉంది.

బండి విషయానికి వస్తే, ఇంట్లో కట్టేవాళ్లు సాధారణంగా పట్టుకునే తేలిక దారి గేర్ల సైకిలుకు వెనక చక్రంలో హబ్ మోటారు బిగించడం. ఎగరడానికి అంతకంటే తప్పు ఎంపిక లేదు. షాపుల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్) పేరుతో అమ్మే చవక సైకిళ్ల ఫోర్కు కుంగుడు చాలావరకు 100 మిల్లీమీటర్ల లోపే. దూకడానికి కాదని కొన్ని కంపెనీలే ఫ్రేము మీద స్టిక్కరు అంటిస్తాయి. హబ్ మోటారు బరువు, ఆరేడు కిలోలైనా సరే, షాకబ్జరుకు కింద ఉంటుంది. అంటే దిగినప్పుడు ఆ బరువును ఆపేది టైరు, రిమ్ము, పుల్లలు మాత్రమే. ముందు పుల్లలు తెగుతాయి, తర్వాత రిమ్ము వంగుతుంది, ఇరుసు ఫ్రేము చీలికలో తిరిగి వైర్లను తెంపుతుంది. దానికంటే మోటారును ఫ్రేము నడుమ, కాళ్ల దగ్గర బిగించి చైనుతో వెనక చక్రానికి అందించడం మేలు. బరువు షాకబ్జర్ల మీదికి వస్తుంది, స్ప్రాకెట్లు మార్చుకునే వీలూ మిగులుతుంది. ముందు ఫోర్కు సైకిలుది కాకుండా మోటారు సైకిలుది కావాలి. హీరో ఎక్స్‌పల్స్ 200 మోటారు సైకిలు ఫోర్కు కుంగుడు 190 మిల్లీమీటర్లు. అలాంటివి తుక్కు దుకాణంలో దొరికితే, జాగ్రత్తగా పరీక్షించుకుని, ఆయిల్ సీళ్లు మార్చి వాడవచ్చు. వెల్డింగులో అన్నిటికంటే అనుమానించాల్సిన చోటు హ్యాండిల్ గొట్టం ఫ్రేముకు కలిసే మెడ. ముందు చక్రం ముందుగా దిగిన ప్రతిసారీ మొత్తం తాకిడి ఆ మెడను వెనక్కి విరవబోతుంది. అక్కడ గొట్టాన్ని గొట్టానికి ఒట్టి టాకాలతో అతికించి వదిలేయకూడదు, కిందా పైనా త్రికోణపు పలకలు వేయాలి. వెల్డు పక్కన రంగు మీద వెంట్రుకంత గీత కనబడితే అది రంగు పగులు కాదు, ఇనుము పగులు అనుకునే బండి ఆపాలి.

గాల్లో ఉండగా ఎలక్ట్రిక్ బండి పెట్రోలు బండిలా ప్రవర్తించదన్నది కూడా తెలుసుకోవాల్సిన సంగతి. ఏ బండిలోనైనా గాల్లో యాక్సిలరేటర్ ఇస్తే వెనక చక్రం వేగం పుంజుకుని ముందు భాగం పైకి లేస్తుంది, వెనక బ్రేకు పడితే ముక్కు కిందికి వాలుతుంది. పెట్రోలు ఇంజను చప్పుడును బట్టి చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. ఎలక్ట్రిక్‌లో ఆ చప్పుడు లేదు, లాగుడు మాత్రం సున్నా వేగం నుంచే పూర్తిగా వస్తుంది. చవక కంట్రోలర్లలో యాక్సిలరేటర్ మొదటి మలుపులోనే కుదుపు ఉంటుంది. ర్యాంపు చివర ఆ కుదుపు పడితే బండి వెల్లకిలా తిరుగుతుంది. అందుకే మోటారు మీద మిగిల్చిన డబ్బు కుదుపు లేకుండా కరెంటు ఇచ్చే సైన్‌వేవ్ కంట్రోలర్ మీద పెట్టడం మంచి బేరం. మణికట్టుకు తాడుతో కట్టుకుని, మనిషి పడగానే ఊడి కరెంటు కట్ చేసే స్విచ్చు కూడా ఉండి తీరాలి.

బ్యాటరీ గురించి భయం ఉండటంలో తప్పు లేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింది అంతస్తులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము ఉన్న లాడ్జి కాలి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. కంపెనీలు చేసినవే ఇలా అయితే ఇంట్లో చేసింది ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేయకూడదు. జవాబులో మొదటి భాగం మళ్లీ లెక్కే. 25 కిలోమీటర్ల వేగంతో ఒక్కో దూకుడుకు కావాల్సిన శక్తి యూనిట్టులో వెయ్యోవంతు కూడా కాదు. మట్టి లాగుడు, వేడిలో పోయేది, తిరిగి మొదటికి రావడం కలుపుకున్నా వంద దూకుళ్లకు పావు యూనిట్టు చుట్టుపక్కలే. కాబట్టి ఒక యూనిట్టు బ్యాటరీ ధారాళం. పెద్ద బ్యాటరీ పెట్టడమంటే బరువునూ నిప్పునూ కలిపి మోయడమే. రెండో భాగం రసాయనం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు బరువు కాస్త ఎక్కువే, కానీ నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం కంటే చాలా ఎక్కువ వేడి దాకా అదుపు తప్పవు. ఎండాకాలం 43, 44 డిగ్రీలు సాధారణమైన పాలమూరులో ఆ తేడా చిన్నది కాదు. ఆరు యాంపియర్ అవర్ల గుండ్రటి ఫాస్ఫేట్ సెల్లులు 48 తీసుకుని, మూడేసి జతగా పదహారు వరసలు కలిపితే 51 వోల్టులు, యూనిట్టుకు కాస్త తక్కువ శక్తి, ఏడు కిలోల సెల్లుల బరువు. మూడో భాగం ఎగిరే బండికే ప్రత్యేకం. దిగిన ప్రతిసారీ ప్యాకులో ప్రతి సెల్లూ పక్కదానికేసి కొట్టుకుంటుంది. నికెల్ పట్టీ స్పాట్ వెల్డు దగ్గర చిట్లుతుంది, ప్లాస్టిక్ తొడుగు అరిగి షార్టవుతుంది. సెల్లుల మధ్య హోల్డర్లు, కొసల్లో ఇన్సులేషన్ పేపరు, చుట్టూ రబ్బరు, ఆ పైన రేకు డబ్బా, సెల్లులను కాపాడే మంచి బీఎంఎస్ సర్క్యూటు, ప్యాకు గడప దగ్గరే ఫ్యూజు పెట్టాలి. ఇందులో ఏది తగ్గించినా అది పొదుపు కాదు. ఛార్జింగు ఇంటి లోపల కాదు, పడుకునేటప్పుడు అసలే కాదు. ఎండలో తిప్పి తెచ్చిన ప్యాకు చల్లబడ్డాకే తీగ తగిలించాలి.

చట్టం మాటేమిటి? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించని బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. మన కిలోవాటు బండి ఆ గీత దాటింది. కాబట్టి ఊరి రోడ్డు మీద కూడా అది రిజిస్ట్రేషన్ లేని వాహనమే. ఇంట్లో కట్టిన ఒక్క బండికి పరీక్షలు చేయించి ఆమోదం తెచ్చుకోవడం ఆచరణలో కుదిరే పని కాదు. ట్రాలీలో వేసుకుని సొంత చెలకలోకి తీసుకుపోవాలి. ఇది అన్యాయమని కొందరు వాదిస్తారు గానీ, రోడ్డు మీద ఎదురొచ్చేవాడు ఆ వెల్డింగును నమ్మాల్సిన అవసరం ఏముంది? పిల్లల చేతికి ఇచ్చే తల్లిదండ్రులు మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణను కూడా గుర్తుంచుకోవాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. నాగర్‌కర్నూల్ కుర్రాళ్లకు కనబడే గొప్ప కొండదారులు నల్లమలవి. అవి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోవి. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిలో బండి దూకించే ఆలోచనే వద్దు. చప్పుడు లేదు కాబట్టి జంతువులకు ఇబ్బంది లేదన్న వాదన చెల్లదు. చప్పుడు లేని బండే హఠాత్తుగా మీద పడుతుంది. అడవి బయట కూడా అంతే. గొర్రెల మందలు ఎక్కువగా తిరిగే ఈ జిల్లాల్లో కాపరికి వెనక నుంచి వచ్చే ఈ బండి వినబడదు. హారన్ ఉండాల్సింది రోడ్డు బండి కంటే దీనికే.

ఇంత తంటా ఎందుకు, కొనుక్కుంటే పోలా అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికంటే బలమైనది. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2025లో 120 కిలోల షాక్‌వేవ్‌ను చూపించింది. పెట్రోలులో ఎక్స్‌పల్స్ ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్‌కు చెందిన కంకణాల అభిషేక్ రెడ్డి ఇండే రేసింగ్ జట్టు 2023లో అంతర్జాతీయ మోటారు సైకిల్ సమాఖ్య (ఎఫ్ఐఎం) ఎలక్ట్రిక్ బైకుల ఎక్స్‌ప్లోరర్ ప్రపంచ కప్పులో దిగింది. కాబట్టి ఆట మన గడపలోకి రాలేదని కాదు. పోటీకి వెళ్లదలచినవాడు కొనాల్సిందే, సొంత వెల్డింగుతో పోటీ ట్రాకు మీదికి వెళ్లకూడదు. కానీ దిగడానికి తగినట్టు చేసిన బండి ఎక్కడైనా ఖరీదే. ఎలక్ట్రిక్ బైకులు చేసిన కంపెనీల్లో అమెరికాలో ఆల్టా మోటార్స్ 2018లో మూతపడింది, స్వీడన్‌లో కేక్ 2024లో దివాలా తీసింది. రెండూ మంచి బండ్లు చేసినవే, ఆ ధరకు అమ్ముకోలేకపోయినవే. మూడు మీటర్ల దూకుడుకు అంత ధర పెట్టనక్కర్లేదు. పైగా వైండింగూ వెల్డింగూ తెలిసిన చోట, విరిగిన భాగాన్ని అదే వారంలో అదే టౌనులో బాగుచేసుకోగలగడం కొన్న బండికి లేని సౌకర్యం. హైదరాబాద్‌లో 2023 మార్చిలో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ లాంటి చోట ఫ్రేము బలం పరీక్ష చేయించుకునే వీలుందేమో అడగవచ్చు. అంత దూరం పోలేనివాళ్లకు ఊళ్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. బండి సీటుకు ఇసుక బస్తాలు డెబ్బై కిలోల బరువు వచ్చేలా కట్టి, చెట్టు కొమ్మకు చైన్ పుల్లీ వేసి, ముందు అర మీటరు, తర్వాత మీటరు ఎత్తు నుంచి చదును నేల మీదికి వదలాలి. ఒకసారి రెండు చక్రాల మీద, ఇంకోసారి ముందు చక్రం మీద మాత్రమే పడేలా. ఇరవైసార్లు అలా వదిలాక మెడ దగ్గర వెల్డులు, వెనక రిమ్ము, బ్యాటరీ ప్యాకులో ప్రతి జత వోల్టేజీ మీటరు పెట్టి చూడాలి. ఒక జత వోల్టేజీ మిగతావాటి కంటే తగ్గిందంటే పట్టీయో సెల్లో దెబ్బతిని ఉండవచ్చు, ప్యాకు మళ్లీ విప్పాలి.